‘ఫాంటమ్ థీఫ్ జీన్’: ముడి గట్టిగా వేసి, విప్పకుండా వదిలేసిన మాంగా

దేవదూతలు, దయ్యాలు, మధ్యలో ప్రేమ. ఈ మూడూ ఒకేచోట కావాలని వెతికే మాంగా (జపాన్ కామిక్స్) పాఠకులకు అరీనా తానెమురా ‘ఫాంటమ్ థీఫ్ జీన్’ త్వరగానే తగులుతుంది. జపాన్‌లో ‘రిబోన్’ పత్రికలో 1998 నుంచి 2000 దాకా వచ్చి 7 సంపుటాలైంది. అమెరికా ప్రచురణ సంస్థ విజ్ మీడియా 2014లో మొదలుపెట్టిన ఇంగ్లిషు కూర్పు 5 సంపుటాలు. మొదటి రెండూ ఆపకుండా చదివిస్తాయి. చివరికొచ్చేసరికి, ఇంత మంచి కథను ఇలా చేశారేమిటని బాధేస్తుంది. ఎందుకో చెప్పాలంటే మలుపులు బయటపెట్టక తప్పదు.

మరోన్ కుసకబే పదహారేళ్ల అమ్మాయి. తల్లిదండ్రులు విదేశాల్లో, విడాకుల అంచున ఉన్నారు. ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటూ ఉత్తరం కోసం పోస్టు డబ్బా తెరిచి చూసుకుంటుంది. ఆమె ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్ మరుజన్మ అనీ, దయ్యాలను పట్టడం ఆమె పనే అనీ ఫిన్ అనే చిట్టి దేవదూత చెబుతుంది. ఆ దయ్యాలు చిత్రపటాల్లో దాక్కుని, వాటిని ప్రేమించే మనిషి మనసులోని అందాన్ని తినేస్తాయి. మరోన్ ముందుగా చీటీ పంపి, పోలీసుల కాపలా దాటుకుని, పటం మీదికి పిన్ను విసిరి ‘చెక్‌మేట్’ అంటుంది. దయ్యం చదరంగం పావుగా మారిపోతుంది, పటంలో దేవదూత బొమ్మ వెలుస్తుంది. లోకం దృష్టిలో అది దొంగతనం. ఆమెను పట్టుకుంటానని పంతం పట్టిన డిటెక్టివ్ కూతురు మియాకో పక్క ఫ్లాట్‌లోని ప్రాణస్నేహితురాలే. ఎంత చక్కని అమరిక! ఒక పటం, దాని వెనక ఒక మనిషి, ఆ మనిషికో బాధ.

సగం దాటాక ఈ పద్ధతి సడలిపోయి, దేవుడికీ దయ్యాల రాజుకీ యుద్ధం ముందుకొస్తుంది. అక్కడ ప్రేమకథ కూడా దెబ్బతింటుంది. చియాకి నగోయా కొత్తగా పక్కన దిగిన కుర్రాడు, రాత్రయితే సింబాద్ అనే పోటీ దొంగ. మరోన్‌ను ఆపడానికే దగ్గరయ్యాడు. ఎవరినీ నమ్మలేని అమ్మాయికి, అబద్ధంతో మొదలుపెట్టిన అబ్బాయి. ఈ ముడి విడాలంటే కోపాలు ఉండాలి, మాటలు జరగాలి, సమయం పట్టాలి. తానెమురా కన్నీళ్లతో సరిపెట్టి, వాళ్లిద్దరూ ఆదాము, అవ్వల మరుజన్మలని తేల్చేస్తుంది. పునర్జన్మ కథలు మనకు కొత్త కాదు. పాత జన్మ బాకీ ఏదో ఈ జన్మలో తీరితేనే వాటికి బలం. ఇక్కడ తీరాల్సిన బాకీ లేదు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మరోన్ తనంతట తాను ఎంచుకున్నదేముంది?

దీనికన్నా నోయిన్ క్లోద్ కథ ఎన్నో రెట్లు నయం. జోన్‌ను 1431లో సజీవంగా దహనం చేశారు. ఆమెను ప్రేమించిన యోధుడు నోయిన్ దయ్యమై, ఈ కాలంలో మరోన్ స్కూల్లో చరిత్ర మాస్టారుగా చేరతాడు. అతని దుఃఖానికి కారణం ఉంది. దానికి ఇంకో సంపుటం కేటాయించినా దండగ కాదు.

దేవుడి పని అనుకున్నదంతా దయ్యాల రాజు పని అని, ఫిన్ మోసం చేసిందని తేలే ఘట్టం పుస్తకంలో అన్నిటికన్నా ఉత్తమం. గుణదల మేరీమాత కొండ ఉన్న విజయవాడలో దేవదూత పతనం పాఠకుడికి చిన్న విషయంగా అనిపించదు. చివర్లో ఫిన్‌ను మరోన్ కూతురిగా పుట్టించేయడంతో ఆ తప్పుకు లెక్క చెప్పాల్సిన అవసరమే లేకుండా పోయింది.

బొమ్మల్లో ముఖాలు, జుట్టు, రిబ్బన్లు అద్భుతం. పోరాటాలే అర్థం కావు. నేల, గోడ గీయాల్సిన చోట పూలు, మెరుపుల స్క్రీన్‌టోన్ (అతికించే రెడీమేడ్ డిజైన్లు) నింపి, ప్యానెళ్లను (బొమ్మల గడులను) అంచుల్లేకుండా ఒకదాని మీదికి ఒకటి తోశారు. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో కంటికి ఆనవాలు దొరకదు. పేజీ కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు.

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో విడి సంపుటం కనిపిస్తే ముందు ప్రచురణకర్త ఎవరో చూడండి. 2010లో మూతపడిన సీఎంఎక్స్ దీన్నే ‘కామికాజె కైతో జీన్’ పేరుతో 7 సంపుటాలుగా వేసింది. పాత కూర్పులో 3వది చదివి కొత్త కూర్పులో 4వది అందుకుంటే మధ్యలో అధ్యాయాలు పోతాయి. విజ్ కూర్పులో మొదటి రెండూ కొనుక్కోవచ్చు, మిగతా మూడూ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని చదివితే చాలు.