పులికాట్‌లో వేడర్ల కోసం ఒక పూట: గైడ్ సేవ ఎలా ఉంది?

జనవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద పులికాట్ సరస్సు పక్షులను చూపించడానికి ఒక స్థానిక గైడ్‌ను, కారుతో కలిపి ఒక పూటకు 2,500 రూపాయలకు మాట్లాడుకున్నాము. రాజహంసల (ఫ్లెమింగోల) కోసమే అయితే ఈ ఖర్చు అక్కరలేదు, చాలాసార్లు అవి రోడ్డు మీది నుంచే కనబడతాయి. మేము వెళ్లింది వేడర్ల కోసం, అంటే నీటి అంచున బురదలో మేసే చిన్న పక్షుల కోసం, గల్స్ అనే నీటిపక్షుల కోసం. అందుకే ఈ సేవను ఆ దృష్టితోనే తూచాను.

అయిదున్నరకు వస్తానన్న గైడ్ ఆరు దాటాక పది నిమిషాలకు వచ్చారు. పులికాట్‌లో ఇది చిన్న విషయం కాదు. ఎండెక్కితే నీటి మీద గాలి అలలలా కదలాడి, దూరపు పక్షుల అంచులు స్కోప్‌లో (స్టాండ్ మీద పెట్టి చూసే దూరదర్శినిలో) చెదిరిపోతాయి. చల్లగా, స్పష్టంగా ఉండే మొదటి గంటలో నలభై నిమిషాలు పోయాయంటే నిజంగా బాధ కలిగింది.

అయితే ఆయన కారు ఆపిన చోటు చూశాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఆ రోడ్డు తూర్పుగా సాగుతూ సరస్సును ఉత్తర, దక్షిణ భాగాలుగా విడదీస్తుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి పైకి వస్తాడు కనుక, దక్షిణానికి చూస్తే నీరంతా మిరుమిట్లు గొలిపి పక్షులు నల్లని నీడల్లా మిగులుతాయి. ఉత్తరానికి తిరిగితే వెలుగు మన వీపు మీదుగా వాటి మీద పడి, కాళ్ల రంగు కూడా తెలుస్తుంది. ఆయన దారిలోని అటకానితిప్ప ఊరికి ముందే, ఉత్తరం వైపు చీలమండలోతు నీరున్న చోట ఆగారు.

అక్కడ ఏ పిట్ట కాలికి తగిన లోతులో ఆ పిట్ట ఉంది. తడి బురద మీద కెంటిష్ ప్లవర్లు నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగెత్తుతున్నాయి. నీటి అంచున లిటిల్ స్టింట్లు తల ఎత్తకుండా పొడుస్తూ పోతుంటే, కాస్త లోపల ముక్కు కిందికి వంగిన కర్ల్యూ శాండ్‌పైపర్లు, ఇంకా లోతున తిన్నని పొడవాటి ముక్కును దాదాపు మొదలంటా బురదలో దించుతున్న నల్లతోక గాడ్విట్లు కనిపించాయి. రంగులన్నీ బూడిదగా కలిసిపోయే ఈ కాలంలో మేత తీరును బట్టి గుర్తుపట్టడమే సులువు.

గల్స్ దగ్గర మాత్రం గైడ్ తడబడ్డారు, అన్నిటినీ ‘సీగల్’ అనే చెప్పారు. వాటిలో ఎక్కువ బ్రౌన్‌హెడెడ్ గల్స్. పేరు నమ్మి గోధుమరంగు తల కోసం వెతికితే దొరకదు; చలికాలంలో తల తెల్లబడి, కంటి వెనుక మసక మచ్చ ఒక్కటే ఉంటుంది. ఎగిరినప్పుడు రెక్క కొన నలుపులో తెల్లని మచ్చలు చూడాలి. కొత్తవారికి ఈ మాట చెప్పేవారు పక్కన ఉండాలి.

మా అబ్బాయి బురదలోకి దిగబోతే మాత్రం ఆయన వెంటనే ఆపారు. “దిగొద్దు బాబూ, ఒకసారి బెదిరితే ఆ గుంపు కుదురుగా మేయదు” అన్నారు. ఆర్కిటిక్ వరకు తిరిగి ఎగరవలసిన స్టింట్ ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి, అనవసరంగా లేచిన ప్రతిసారీ అది కొంత కరిగిపోతుంది. ఆ ఒక్క మాట కోసమైనా మళ్లీ ఆయననే పిలుస్తాను. ఆయన దగ్గర బైనాక్యులర్స్ తప్ప స్కోప్ లేదు, మీదే తీసుకెళ్లండి. చెన్నై నుంచి సబర్బన్ రైలులో వచ్చేవారు ముందురోజు రాత్రే సూళ్లూరుపేట చేరుకుని, గైడ్‌కు అయిదు గంటలని చెప్పండి.