పాత జిప్సీకి పెద్ద ఇంజనా, చిన్న గేర్లా: ఏది మేలు?

పాత మారుతి జిప్సీ, అంటే ఫోర్ వీల్ డ్రైవు జీపు, కొన్నవాళ్లు మొదటి ఘాట్ ఎక్కగానే అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి ఇంకాస్త పెద్ద ఇంజను ఎక్కించవచ్చా? ఎక్కించవచ్చు. పెట్రోలు జీపులో ఇంజను దించేసి డీజిల్ ఎక్కించడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న పనే. చెయ్యి తిరిగిన మేస్త్రీ, పక్కనే ఒక లేతు షెడ్డు ఉంటే ఏ ఇంజనునైనా ఏ బండిలోనైనా కూర్చోబెడతారు. కూర్చోబెట్టాక అది ఏ నేల మీద అక్కరకొస్తుంది, దాని వెనక ఇంకేం విరుగుతుంది అన్నది మాత్రం ముందే లెక్క వేసుకోవాలి.

ముందు మీ దగ్గరున్నది ఏ జిప్సీయో చూసుకోండి. 1985 చివర్లో మారుతి తెచ్చిన ఎంజీ410లో ఉన్నది 970 సీసీ ఇంజను, 45 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు గానీ ఇంజను ముట్టుకోలేదు. 1996లో జిప్సీ కింగ్‌తో 1.3 లీటర్ల జీ13బీఏ వచ్చింది, కార్బురేటరుతో 60 హార్స్‌పవర్, ఐదో గేరు కూడా. 2000లో అదే 1.3కి 16 వాల్వులు, ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు బదులు కంప్యూటరు నడిపే పెట్రోలు ఇంజెక్షన్) తగిలించి 80 దాకా తీసుకెళ్లారు. దాన్ని జీ13బీబీ అంటారు. అంటే 45 హార్స్‌పవర్ బండి యజమాని చేసే ఫిర్యాదూ 80 హార్స్‌పవర్ బండి యజమాని చేసే ఫిర్యాదూ ఒకటి కావు. ఇద్దరూ 'పికప్పు లేదు' అనే అంటారు, అది వేరే సంగతి.

ఈ బండికి ఇంజను మార్పిడి ఇంత తేలిగ్గా ఎందుకు కుదురుతుందంటే, జిప్సీలో గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె, హై, లో గేర్లు ఉండేది ఇందులోనే) అతుక్కుని ఉండవు. ఇంజను, గేర్‌బాక్సు ముందు ఒక జట్టు. ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా, కాస్త వెనక, చాసిస్‌కు బిగించి ఉంటుంది. రెంటి మధ్య ఒక పొట్టి షాఫ్టు తిరుగుతుంది. ముందు జట్టు మొత్తం మార్చేసినా ఆ పొట్టి షాఫ్టు పొడవు సరిచేసుకుంటే ఫోర్ వీల్ డ్రైవు ఎప్పటిలాగే పనిచేస్తుంది.

970 సీసీ బండి ఉన్నవాళ్లకు నా సలహా సూటిగా చెబుతాను: 1.3కి వెళ్లండి, అంతకు మించి ఆలోచించకండి. పాత ఇంజనుది వేరే కుటుంబం, దాని నాలుగు గేర్ల బాక్సుకు 1.3 నేరుగా అతకదు. కాబట్టి ఇంజనొక్కటే కొనకుండా, దొరికితే పడేసిన జిప్సీ కింగ్ నుంచి ఇంజను, ఐదు గేర్ల బాక్సు, మౌంటింగులు, రేడియేటరు, ఎంపీఎఫ్ఐ అయితే వైరింగు, ఈసీఎం (ఇంజను కంప్యూటరు) అన్నీ ఒకేచోట తీసుకోండి. విడివిడిగా ఏరుకుంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంజను కన్నా వైరింగు దగ్గరే ఎక్కువ రోజులు పోతాయి. 45 నుంచి 80కి వెళ్లిన బండి ఘాట్ రోడ్డులో అసలు వేరే బండిలా ఉంటుంది. బ్రేకులు కూడా ఆ వేగానికి తగ్గట్టు చూసుకోవడం మరవకండి. అవి 45 హార్స్‌పవర్ బండికి వేసినవి.

అసలు తగాదా 1.3 ఉన్నవాళ్లది. వాళ్ల ముందు మూడు దారులున్నాయి: అదే కుటుంబంలోని 1.6, బయటి డీజిల్, లేదా ఇంజను జోలికే పోకుండా ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్లు.

1.6 అంటే పాత బాలెనో సెడాన్‌లో వచ్చిన జీ16బీ. 1590 సీసీ, 94 హార్స్‌పవర్, 130 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). జీ13కీ దీనికీ చుట్టరికం ఉంది, గేర్‌బాక్సు అతికే బోల్టుల వరస ఒకటే. అందుకే ఇదే బండిని సమురాయ్ పేరుతో కొన్న అమెరికా వాళ్లు కూడా సుజుకి సైడ్‌కిక్, జియో ట్రాకర్ బండ్ల 1.6 ఇంజన్లను ఎన్నో ఏళ్లుగా ఇందులోకి ఎక్కిస్తున్నారు. వాళ్లకు ఒక సుఖం ఉంది: సైడ్‌కిక్‌లో ఆ ఇంజను జిప్సీలో లాగే నిలువుగా కూర్చుంటుంది. మన బాలెనో ముందు చక్రాలతో నడిచే కారు, దాంట్లో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది. కాబట్టి ఇన్‌టేక్ మానిఫోల్డు ఏ వైపు తిరిగింది, ఎగ్జాస్టు ఎటు దిగుతుంది, ఆయిల్ సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టె) ఆకారం ఏమిటి అన్నవన్నీ మళ్లీ చూసుకోవాలి. వీటిలో సంపుదే ముఖ్యం. జిప్సీ ముందు యాక్సిల్ సరిగ్గా ఇంజను కిందే ఉంటుంది. రాయి ఎక్కినప్పుడు కమాన్ కట్టలు నొక్కుకుని యాక్సిల్ పైకి లేస్తుంది. అప్పుడు సంపుకు తగిలిందంటే ఆయిలంతా అడవిలోనే. షెడ్డులో నిలబెట్టి చూస్తే ఖాళీ బోలెడంత కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. జాకీ వేసి యాక్సిల్‌ను పైదాకా లేపి చూడండి.

80 నుంచి 94 అంటే కాగితం మీద పెద్ద తేడాగా కనబడదు. తేడా అంతా టార్క్‌లో ఉంది. 1.3 ఎంపీఎఫ్ఐకి 103 న్యూటన్ మీటర్లే, అవి కూడా ఇంజను నిమిషానికి 4,500 తిరుగుళ్లు తిరిగే దగ్గర వస్తాయి. కింద దమ్ము తక్కువ, ఇంజనును అరిపిస్తేనే లాగుతుంది. 1.6 అంత ఎత్తుకు వెళ్లకుండానే లాగుతుంది. హైవే మీద లారీని దాటాలన్నా, నలుగురిని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్‌లో మూడో గేరు పట్టుకుని వెళ్లాలన్నా ఆ తేడా అడుగడుగునా తెలుస్తుంది. పైగా బరువు పెద్దగా పెరగదు, జిప్సీకి ఉన్న అసలు ఆస్తి దాని తేలికదనమే కదా.

డీజిల్ వైపు మనసు లాగడం సహజం. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీడీఐఎస్, అంటే ఫియట్ మల్టీజెట్, 1248 సీసీకే 190 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ 2,000 తిరుగుళ్లకే. జిప్సీ 1.3 ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు. డీజిల్ జిప్సీ కల ఇక్కడి వాళ్లది మాత్రమే కాదు. స్పెయిన్‌లోని సాంటానా కంపెనీ సమురాయ్‌కి ప్యుజో 1.9 డీజిల్ పెట్టి ఫ్యాక్టరీ నుంచే అమ్మింది. తరవాత యూరప్ జిమ్నీలో రెనో 1.5 డీజిల్ వచ్చింది. కానీ అక్కడ ఫ్యాక్టరీ వాళ్లు చేసిన పని ఇక్కడ మీరు షెడ్డులో చేయించాలి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య అడాప్టర్ ప్లేటు తిప్పించాలి. క్లచ్, ఫ్లైవీల్ జత కుదరాలి. ఇంటర్‌కూలరుకు చోటు కావాలి. డీజిల్ వెనక్కి తిరిగొచ్చే పైపు, ట్యాంకులో మార్పు, ఈసీఎం, దాని తాళంతో ముడిపడిన ఇమ్మొబిలైజరు, ఎలక్ట్రానిక్ యాక్సిలరేటర్ పెడలు, ఇలా జాబితా సాగుతూనే ఉంటుంది. ముందు భాగం బరువెక్కి కమాన్లు కుంగుతాయి. ఇన్ని తెలిసీ దిగేవాళ్లను ఆపను. కాని, 'డీజిల్ పెడితే రాళ్లు బాగా ఎక్కుతుంది' అన్న ఒక్క కారణంతో దిగేవాళ్లను మాత్రం ఒక్క నిమిషం ఆగమంటాను.

ఎందుకంటే రాయి ఎక్కించేది చక్రం దగ్గర పుట్టే టార్క్. అందులో ఇంజను వాటా ఎంతో గేర్ల వాటా అంతకన్నా పెద్దది. జిప్సీ కింగ్‌లో మొదటి గేరు నిష్పత్తి 3.652 (అంటే టార్క్ అన్ని రెట్లు అవుతుంది), ట్రాన్స్‌ఫర్ కేసు లో 2.268, యాక్సిల్ 3.909. మూడూ గుణిస్తే 32 పైచిలుకు. 1.3 ఇచ్చే 103ను దాంతో గుణిస్తే చక్రాల దగ్గర సుమారు 3,340 న్యూటన్ మీటర్లు. మధ్యలో రాపిడికి పోయేది ప్రస్తుతానికి వదిలేద్దాం. 1.6 పెడితే అది 4,210 అవుతుంది. డీజిల్‌తో 6,150 చుట్టూ.

ఇప్పుడు ఇంజనును అలాగే ఉంచి ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరును 4.16కి మార్చామనుకోండి. సమురాయ్, సియెరాల (ఆస్ట్రేలియాలో ఈ బండి పేరు) కోసం అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇలాంటి గేర్ సెట్లు తయారు చేస్తారు. 4.16తో పాటు 4.9, 6.5 కూడా ఉన్నాయి. మొత్తం నిష్పత్తి 59 దాటుతుంది. అదే పాత 103 న్యూటన్ మీటర్లు చక్రం దగ్గర 6,120 అవుతాయి. డీజిల్‌తో వచ్చినంతే! ఒక్క వైరు కోయకుండా, ఇంజను నంబరు మారకుండా.

పైగా డీజిల్ పెట్టినప్పుడు ఆ 190 మొత్తం 103కి కట్టిన గేర్‌బాక్సు గుండానే పోవాలి. గేర్లు మార్చినప్పుడు గేర్‌బాక్సుకు ఏమీ తెలియదు, రెట్టింపయ్యేది దాని వెనకే. ముందు యాక్సిల్‌లోని సీవీ జాయింట్ల (స్టీరింగు తిప్పినా చక్రానికి బలం అందించే కీళ్ల) మీద, వెనక షాఫ్టుల మీద పడే భారం మాత్రం రెండింట్లోనూ సమానమే. స్టీరింగు పూర్తిగా తిప్పి, ముందు చక్రం రాయిలో ఇరుక్కుని ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే ఏ దారిలో వెళ్లినవాళ్లకైనా జాయింటు విరుగుతుంది. గేర్లున్నవాళ్లకు ఆ తొక్కుడు అవసరం తక్కువ పడుతుంది, బండి నడకకన్నా మెల్లగా పాకుతుంది గనక. దిగేటప్పుడు కూడా అంతే, బ్రేకు మీద కాలు వెయ్యకుండా ఇంజనే పట్టి ఉంచుతుంది.

గేర్లతో వచ్చే ఇబ్బందులూ లేకపోలేదు. తెప్పించుకోవాలంటే ధర, కస్టమ్స్ సుంకం కలిసి చురుక్కుమంటాయి. మీ ట్రాన్స్‌ఫర్ కేసు ఏ తరానిదో చూసుకోకుండా ఆర్డరు పెట్టకూడదు. చాలా సెట్లు హై గేరును కూడా కొంత దించుతాయి, దాంతో హైవే మీద ఇంజను ఇంకా ఎక్కువ తిరుగుతూ గోల పెడుతుంది. ఇసుకలో కూడా గేర్లు పెద్దగా అక్కరకు రావు. సూర్యలంక తీరంలోనో, గోదావరి ఇసుకలోనో చక్రం వేగంగా తిరగాలి, ఊపు ఆగకూడదు. అక్కడ హార్స్‌పవరే మాట్లాడుతుంది, 1.6కే నా ఓటు.

ఇంకో చిన్న లెక్క. 205/70 ఆర్15 టైర్లు తీసి 235/75 ఆర్15 వేసినవాళ్లు చాలామంది ఉన్నారు. చూడటానికి బాగుంటుంది. కాని చక్రం వ్యాసం దాదాపు పది శాతం పెరుగుతుంది, అంటే మీ గేర్లన్నీ పది శాతం బరువెక్కినట్టే. టైర్లు మార్చిన మర్నాటి నుంచే 'ఇంజను వీక్ అయింది' అంటున్నారంటే జబ్బు ఇంజనుది కాదు. ఇంజను విప్పే ముందు కంప్రెషన్ కూడా కొలిపించండి. అరిగిన 1.3ను పక్కాగా రీబోర్ చేయిస్తేనే కొందరి కోరిక తీరిపోతుంది.

ఇక చట్టం. ఇది రుచించని భాగమే అయినా దాటవేయలేం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నొక్కి చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత ఇంజను పాడైందని అదే రకం ఇంజను వేయించుకోవడం వేరు. దానికి ఆర్టీఓ అనుమతి తీసుకుని కొత్త ఇంజను నంబరు ఎక్కించుకునే దారి ఉంది. సీసీ మారిన బండి (970 నుంచి 1.3కి మారినా అంతే), పెట్రోలు నుంచి డీజిల్‌కు మారిన బండి మాత్రం రోడ్డు మీద ఎప్పుడూ దొంగలా తిరగాల్సిందే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు. ప్రైవేటు స్థలాల్లో పోటీలకే వాడే బండిని లారీ మీద వేసి తీసుకెళ్లేవాళ్ల లెక్క వేరు.

కాబట్టి 1.3 జిప్సీ ఉండి, రాళ్లూ వాగులూ ఎక్కువగా తొక్కేవాళ్లు డబ్బంతా ట్రాన్స్‌ఫర్ కేసులోనే పెట్టమంటాను. ఇసుక, పోటీలు, ఆర్‌సీ గొడవ లేని బండి అయితే 1.6. డీజిల్ అంటారా, ఇంజను బిగించడమే తమకు అసలు సరదా అయినవాళ్లకు, ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లకు. ఏది ఎక్కించినా దించిన ఇంజనును మాత్రం తుక్కు కింద అమ్మకండి. ఆయిల్ పోసి, నోళ్లన్నీ మూసి, గోనెపట్టా చుట్టి ఒక మూల ఉంచండి. ఆర్‌సీలో ఉన్న నంబరు దాని మీదే ఉంది. రేపు బండి అమ్మాలన్నా, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలన్నా అదే మళ్లీ ఎక్కాలి.