ప్లానెట్ జూ: ఎగిరే రెక్కల కోసం ఎదురుచూపు
2019 నవంబరులో విడుదలైన ప్లానెట్ జూ అనే కంప్యూటర్ ఆటలో నేను కట్టుకుంటున్న జంతుశాలకు మా చెన్నై వండలూరు జూయే నమూనా. నేల, మొక్కలు, మందలోని జంతువుల సంఖ్య, ఇలా ఆవరణలో ప్రతి అంశమూ జంతువు క్షేమాన్ని ప్రభావితం చేస్తుంది కనుక, ఒక్క ఏనుగుల ఆవరణను సరిదిద్దడానికే నాకు రెండు ఆదివారాలు పట్టాయి. అయినా విసుగు కలగలేదు.

పక్షుల విషయంలోనే లోటు. మూల ఆటలో నిప్పుకోడి, నెమలి, ఫ్లెమింగో ఉన్నాయి గానీ, మూడూ నేలను విడవవు. (మా వీధి నెమలి అయితే ఈపాటికి మేడ మీద ఉండేది!) నేల మీద దారి వెతుక్కునే జంతువును చూపడం కన్నా, గాలిలో మలుపు తిరిగి ఎంచుకున్న కొమ్మపై వాలే పక్షిని చూపడం కష్టమని ఒప్పుకుంటాను. అయినప్పటికీ వండలూరులో ఉన్నట్లు సందర్శకులు లోపలికి నడిచివెళ్లే ఎత్తయిన వలపందిరి, అందులో గూళ్లు కట్టుకోవడానికి చెట్లు, చేపలున్న మడుగు, వాటి మధ్య మన నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే గూడబాతులు (పెలికాన్లు) ఉండాలన్నది నా కోరిక. కట్టడాల మీద ఇష్టమున్నవారు ఆటను ఇప్పుడే కొనవచ్చు; పక్షుల కోసమే కొనాలనుకునేవారు ఆగడం మేలు.