ఆర్ఎక్స్ 100కి అలెన్ బోల్ట్ కిట్: స్టీలు మంచిదే, పొడవులతోనే ఇబ్బంది

యమహా ఆర్ఎక్స్ 100 బైకు ఇంజన్ కవర్లకి స్టెయిన్‌లెస్ అలెన్ బోల్టుల (తలలో ఆరు మూలల గుంత ఉండేవి) కిట్టు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతోంది. క్లచ్ కవర్‌కీ, మ్యాగ్నెట్ కవర్‌కీ సరిపడా బోల్టులన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో కలిపేసి పంపిస్తారు. ఏ పొడవువి ఎన్ని ఉన్నాయో, ఏది ఏ రంధ్రంలోకి వెళ్లాలో చీటీ ఉండదు. 5కి 3 మార్కులు. ఆ మూడూ స్టీలుకే.

ముందు స్టీలు సంగతి. బోల్టు తల మీద స్టెయిన్‌లెస్ రకాన్నీ బలాన్నీ చెప్పే ఎ2-70 అని ముద్ర ఉండాలి, ఇందులో ఉంది. చాలామంది అయస్కాంతం పెట్టి అసలో నకిలీయో తేలుస్తారు గానీ ఆ పరీక్ష నమ్మదగ్గది కాదు. 304 రకం స్టెయిన్‌లెస్‌ని (ఎ2 అంటే ఇదే) చల్లగా నొక్కి బోల్టుగా మలిచినప్పుడు దానికీ కాస్త అయస్కాంత గుణం వస్తుంది. కొద్దిగా లాగితే కంగారు పడక్కర్లేదు. టక్కున గట్టిగా అతుక్కుంటేనే పూత పూసిన మామూలు ఇనుమేమోనని అనుమానించాలి. ఇంకా బలంగా ఉంటాయని 12.9 గ్రేడ్ నల్ల బోల్టులు వేయించుకునేవాళ్లున్నారు, దండగ. బోల్టు దిగే ఇంజన్ కేసింగ్ అల్యూమినియం కాబట్టి ముందు పోయేది దాని థ్రెడ్డే. పైగా ఒక్క వానాకాలానికే నల్ల బోల్టు తుప్పు పడుతుంది.

పొడవు తప్పితే ఇంజన్‌కే నష్టం. ఎం6 (6 మిల్లీమీటర్ల లావు) బోల్టు అల్యూమినియంలోకి కనీసం 9 మిల్లీమీటర్లు, కుదిరితే 12 దిగాలి. కిట్టులో 30 ఉండాల్సిన చోట 25 వచ్చిందనుకోండి, నాలుగు చుట్ల థ్రెడ్ మీదే బరువంతా పడి, బిగించేటప్పుడే ఊడొస్తుంది. 35 వస్తే అది ఇంకా మోసం. బోల్టు రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోతుంది, చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, కవర్ మాత్రం నొక్కుకోదు, గ్యాస్కెట్ దగ్గర గేర్ ఆయిల్ చెమ్మ మొదలవుతుంది. అప్పుడు ఇంకో పావు చుట్టు తిప్పారా, కేసింగే పగలొచ్చు.

అందుకే పాత స్క్రూలు తీసేటప్పుడే అట్ట ముక్క మీద కవర్ ఆకారం గీసుకుని, ఏ రంధ్రంలోది ఆ చోటే గుచ్చాలి. పొడవు తల కింద నుంచి కొలవాలి. పాత స్క్రూని కూడా గుడ్డిగా నమ్మొద్దు, ఇన్నేళ్లలో ఎవరో మార్చేసి ఉండొచ్చు. కవర్ పెట్టి, సన్నటి తీగ రంధ్రం అడుగు దాకా దింపి కొలిచి, అందులో 2 మిల్లీమీటర్లు తగ్గించాలి. వాషర్ వేస్తే దాని మందం, సుమారు 1.6, కలుపుకోవాలి. ఆ అట్టతో సికింద్రాబాద్ రాణీగంజ్ వెళ్తే బోల్టుల దుకాణాల్లో 5 మిల్లీమీటర్ల తేడాతో విడివిడిగా ఇస్తారు. కౌంటర్ దగ్గర థ్రెడ్ అనేకంటే హిందీలో ‘చూడీ’ అంటే తొందరగా పని అవుతుంది. గ్యాస్కెట్, ఆయిల్ సీలు లాంటివి హైదరాబాద్ పుత్లీబౌలి స్పేర్ పార్టుల వైపు చూసుకోవాలి. కిట్టు కొనేకంటే ఇదే మేలు.

కిట్టులో కొన్ని గుండ్రటి బటన్ తల బోల్టులు కూడా ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి. కానీ ఎం6 మామూలు అలెన్ తలకి 5 కీ పడుతుంది, బటన్ తలకి 4 కీయే, గుంత లోతు కూడా తక్కువ. రెండుసార్లు విప్పితే మూల అరిగిపోతుంది. పాత స్టార్ (ప్లస్ గాడి) స్క్రూల బాధ పోగొట్టుకుందామని కొన్న కిట్టుతో మళ్లీ అదే బాధ తెచ్చుకోవడం ఎందుకు?

పాతవి ఊడదీయడంలో జరిగే పొరపాటు ఒక్కటే: చిన్న బిట్టు. ఎం6 స్టార్ తలకి 3వ నంబరు బిట్టు కావాలి, చేతికందిన 2వ నంబరు స్క్రూడ్రైవర్ జారి తలని తినేస్తుంది. పైగా ఇవి జపాన్ పద్ధతి తలలు, మామూలు ఫిలిప్స్ బిట్టు వీటి అడుగు దాకా కూర్చోదు. రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచి, పొద్దున హ్యాండ్ ఇంపాక్ట్ డ్రైవర్‌ని (సుత్తి దెబ్బకి తిరిగే స్క్రూడ్రైవర్) ఎడమకి తిప్పి పట్టి సుత్తితో ఒక్కటి నిటారుగా వేయాలి. కదలకపోతే హీట్ గన్‌తో రంధ్రం చుట్టూ వేడి చేయాలి. అల్యూమినియం ఉక్కు కంటే రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది. తల పూర్తిగా పోయినా భయం లేదు. 6.5 డ్రిల్లుతో తల వరకే తీసేసి కవర్ లాగేస్తే, బిగువు పోయిన మొండెం ప్లయర్‌తో చాలాసార్లు సులువుగా వచ్చేస్తుంది. గేర్ ఆయిల్ ముందే దించేయడం మరవద్దు.

కొత్త బోల్టు వేసే ముందు రంధ్రంలోకి చూడండి. పాత స్క్రూ వెంట తెల్లటి పొడి రాలితే అది అల్యూమినియం తిన్న గుర్తు. స్టెయిన్‌లెస్‌తో తడి తగిలితే ఆ తినడం ఎక్కువవుతుంది, అందుకే థ్రెడ్‌కి బోల్టు పట్టేయకుండా చూసే యాంటీ సీజ్ గ్రీజు తప్పనిసరి. పల్చగా, థ్రెడ్ గాట్లు కనిపించేంతే. మూసుకున్న రంధ్రం నిండా కూరితే గ్రీజుకి పోయే దారి లేక, బోల్టు దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి కేసింగ్ చీలొచ్చు. కిట్టులో గ్రీజు ఇవ్వలేదు, దాని అవసరం గురించి ఒక్క ముక్కా రాయలేదు. అమ్మేవాళ్లు సరిదిద్దుకోవాల్సిన మొదటి లోపం ఇది.

బిగింపు 8 న్యూటన్ మీటర్లు చాలు. బిగువు కొలిచే టార్క్ పానా లేకపోతే అలెన్ కీ పొడుగు కాలు బోల్టులో పెట్టి, పొట్టి కాలు వేళ్లతో పట్టుకుని బిగించాలి. పొడుగు కాలు పట్టుకుంటే ఎం6 థ్రెడ్ పోవడం క్షణం పని. ఎదురెదురు బోల్టుల్ని మార్చి మార్చి మూడు విడతల్లో బిగించాలి. ఒకసారి బండి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ అన్నీ చూసుకోవాలి.

ఇప్పటికే థ్రెడ్ పోయిన రంధ్రం ఉంటే లావు బోల్టు దూర్చొద్దు. 6.3 డ్రిల్లు వేసి, హెలికాయిల్ ట్యాప్‌తో థ్రెడ్ తీసి, హెలికాయిల్ అనే స్ప్రింగు లాంటి తీగ చుట్ట ఎక్కిస్తే అసలు ఎం6 బోల్టే మళ్లీ పడుతుంది. లేత్ దుకాణాల్లో చేస్తారు, డ్రిల్లు నిటారుగా దిగుతోందో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

ఈ బోల్టులు కవర్లకే. సిలిండర్ హెడ్ నట్లకీ, ఇంజన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టులకీ స్టెయిన్‌లెస్ వేయొద్దు. వానాకాలం తర్వాత అలెన్ గుంతల్లో బురద గట్టిపడుతుంది. సూదితో గీరి శుభ్రం చేశాకే కీ పెట్టండి, సగం దిగిన కీ మూలల్ని కొరికేస్తుంది.