చలిలో చేతులెత్తేసిన 0.2 ఓమ్ కాయిల్

వేప్‌కి (ఈ-సిగరెట్‌కి) సబ్‌ఓమ్ అటామైజర్, అంటే ఒక ఓమ్ లోపు నిరోధం ఉన్న కాయిల్‌తో లిక్విడ్‌ని ఆవిరి చేసే ట్యాంకు, కొనేటప్పుడు కాయిల్ ఓమ్ అంకె ఎంత తక్కువుంటే అంత గొప్ప అని ఒక నమ్మకం ఉంది. దుకాణాల్లో కూడా 0.4 కంటే 0.2 మేలు, 0.2 కంటే 0.15 ఇంకా మేలు అన్నట్టే చూపిస్తారు. ఈ ధోరణి అంటే నాకు ఒళ్లుమంట. 0.2 ఓమ్ మెష్ (జల్లెడ లాంటి రేకు) కాయిల్‌ను ఏడాదికి పైగా వాడినవాడిగా చెప్తున్నాను.

యూకేలో 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు. అప్పటిదాకా వాటితోనే నడిపించిన మా రూమ్మేట్లు ఇప్పుడు ట్యాంకు, కాయిల్ అంటూ నా చుట్టూ చేరారు. "అన్నా, నీది ఎన్ని ఓమ్‌లు?" అని అడిగినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్పలేక ఇది రాస్తున్నా. సిగరెట్ అలవాటే లేనివాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, మీకు ఏ కాయిలూ అక్కర్లేదు. సిగరెట్ కంటే దీనితో హాని తక్కువని ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ చెప్తుంది, అసలు హానే లేదని మాత్రం చెప్పదు.

0.2 కాయిల్ బాగుండే మాట నిజమే. 55 వాట్ల దగ్గర, 70 శాతం వీజీ (చిక్కటి గ్లిజరిన్) ఉన్న మామిడి లిక్విడ్‌తో మొదటి దమ్ము లాగినప్పుడు ఆ వెచ్చదనం, నోరంతా నిండే రుచి, ఇన్నాళ్లూ ఇది తెలియకుండా గడిపామే అనిపించింది. పాత చుట్ట తీగ కాయిల్స్ కంటే మెష్ రేకు వెడల్పుగా ఉంటుంది కాబట్టి లిక్విడ్ పీల్చే దూది అంతటికీ వేడి సమంగా తగులుతుంది, రుచి అందుకే తేటగా వస్తుంది. పొగ సంగతి చెప్పనే అక్కర్లేదు. గదిలో లాగితే వంటింట్లో అలారం మోగుతుందని రూమ్మేట్లు నన్ను పెరట్లోకి తరిమారు.

ఈ మెప్పంతా వేసవిది. అసలు కథ జనవరిలో.

కోవెంట్రీ దగ్గర ఒక గోదాములో నాది రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున డ్యూటీ దిగి బస్టాపులో నిలబడ్డాను. చలి సున్నాకి కాస్త కిందే ఉంది. మాడ్ (ట్యాంకు కింద బ్యాటరీ ఉండే భాగం) నా జాకెట్ బయటి జేబులో ఉంది. బ్రేక్‌లో ట్యాంకు నింపాను, అద్దంలోంచి చూస్తే సగానికి పైనే లిక్విడ్ కనిపిస్తోంది. మొదటి దమ్ము పర్వాలేదు. రెండోది పలచగా, మామూలు కంటే వేడిగా తగిలింది. మూడోది లాగేసరికి గొంతు మండిపోయింది. దీపంలో నూనె అయిపోయాక వత్తి మాడితే ఒక కమురు కంపు వస్తుంది చూడండి, అచ్చం అదే. కాకపోతే అది ముక్కుకి కాదు, నేరుగా ఛాతీలోకి దిగింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆగలేదు. పక్కనున్న పెద్దావిడ తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. కళ్లు తుడుచుకుని, వాట్లు తగ్గించకుండానే ఇంకోసారి బటన్ నొక్కితే ఈసారి అసలు వెలగనే లేదు. తెర మీద బ్యాటరీ బలహీనంగా ఉందన్న సందేశం. అంతకు ముందే అందులో సగం చార్జింగ్ చూశాను.

ఇంటికొచ్చి కాయిల్ విప్పితే దూది నల్లగా మాడి ఉంది. కొత్త ప్యాకెట్‌లోంచి తీసి వేసినది, వారం కూడా కాలేదు. చిత్రమేమిటంటే, గది వెచ్చదనానికి అదే బ్యాటరీ మళ్లీ సగం చార్జింగ్ చూపించింది.

ట్యాంకులో లిక్విడ్ ఉండగా దూది ఎందుకు మాడిందో నాకు మెల్లగా అర్థమైంది. వీజీ అంటే గ్లిజరిన్. అది మామూలుగానే చిక్కన, చలికి ఇంకా చిక్కబడుతుంది. 55 వాట్ల వేడి దూదిలోని తడిని క్షణాల్లో ఆవిరి చేసేస్తుంటే, ఆ చిక్కటి లిక్విడ్ దూదిలోకి పాకే వేగం చాల్లేదు. బ్యాటరీదీ అదే గోల. చలికి దాని లోపలి నిరోధం పెరుగుతుంది. మాడ్‌లోని ఒక్క 18650 సెల్ (చార్జ్ చేసుకునే గుండ్రటి బ్యాటరీ) నుంచి 55 వాట్లు లాగాలంటే 16 ఆంపియర్ల దాకా కావాలి. అంత లాగేసరికి వోల్టేజ్ కుంగిపోతుంది, మాడ్‌లోని చిప్ వద్దంటుంది. అంటే ఒకే చలి కాయిల్‌ని ఒకవైపు, సెల్‌ని ఇంకోవైపు పట్టుకుంది. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా ఉండదు, అమ్మేవాళ్లెవరూ చెప్పరు. నా కోపం అందుకే.

తర్వాత అదే ట్యాంకుకి సరిపడే 0.6 ఓమ్ కాయిల్ వేశాను. 25 వాట్లు, 50/50 లిక్విడ్ (వీజీ సగమే ఉన్నది, అందుకే పలచన). కాయిల్ మీద రాసి ఉన్న హద్దు 20 నుంచి 30 వాట్లు. నేను ఊహించని లాభం సెల్ విషయంలో కనిపించింది. 25 వాట్లకి ఏడు ఆంపియర్లు చాలు కాబట్టి ఒక్క సెల్ డ్యూటీ మొత్తం వస్తోంది. ఇదివరకు జేబులో రెండో సెల్ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని తిరిగేవాణ్ని. గడ్డకట్టే చలిలో కూడా కమురు రాలేదు, మాడ్‌ని లోపలి జేబులోకి మార్చడం కూడా కొంత కారణం కావచ్చు. కాయిల్ కూడా ఎక్కువ రోజులు మన్నుతోంది. అయితే రుచిలో ఆ నిండుదనం పోయింది. మొదట్లో చప్పగా కూడా అనిపించింది. మామిడి వదిలేసి పుదీనాకి మారాక ఆ లోటు పెద్దగా తెలియలేదు.

నికోటిన్ లెక్క కూడా చూసుకోవాలి. 3 మి.గ్రా. లిక్విడ్ (మి.లీ.కి 3 మి.గ్రా. నికోటిన్ ఉన్నది) 10 మి.లీ. ఖర్చయితే ఆవిరయ్యే నికోటిన్ 30 మి.గ్రా. 10 మి.గ్రా. సాల్ట్ లిక్విడ్ (గొంతుకి మెత్తగా తగిలే నికోటిన్ సాల్ట్ రకం) 3 మి.లీ.లోనూ అంతే ఉంటుంది. తక్కువ ఓమ్ కాయిల్ లిక్విడ్‌ని తెగ తాగుతుంది, అందుకే దానికి 3 మి.గ్రా. లాంటి నికోటిన్ తక్కువున్న లిక్విడ్ వాడతారు. ఎవరైనా 20 మి.గ్రా. సాల్ట్ తెచ్చి 0.2 కాయిల్‌లో పోస్తే నాలుగు దమ్ములకే తల తిరిగి వాంతి వచ్చినట్టవుతుంది. మా రూమ్మేట్ ఒకడికి అదే జరిగింది, డిస్పోజబుల్‌లో 20 వాడేవాణ్ని కదా అని వాడి లెక్క. పైగా 50/50 లిక్విడ్ 0.2 కాయిల్ పెద్ద రంధ్రాల్లోంచి కారి జేబు తడుపుతుంది. అందుకే కాయిల్ కంటే ముందు లిక్విడ్ సీసా మీది అంకెలు చూడమంటాను.

డబ్బు సంగతి. ఇక్కడి నిబంధనల ప్రకారం ట్యాంకు 2 మి.లీ. దాటకూడదు, నికోటిన్ ఉన్న సీసా 10 మి.లీ. దాటకూడదు. 0.2 కాయిల్‌తో ఆ 2 మి.లీ. చూస్తుండగానే అయిపోతుంది. అందుకే జనం నికోటిన్ లేని 50 మి.లీ. షార్ట్‌ఫిల్ (పైన ఖాళీ ఉంచి అమ్మే సీసా) కొని అందులో 10 మి.లీ. సీసాలో వచ్చే 18 మి.గ్రా. నికోటిన్ షాట్ ఒకటి కలుపుకుంటారు, అది 3 మి.గ్రా. అవుతుంది. ఇప్పటిదాకా చవకే. కానీ 2026 అక్టోబరు 1 నుంచి నికోటిన్ ఉన్నా లేకపోయినా ప్రతి 10 మి.లీ.కి 2.20 పౌండ్ల పన్ను అని ప్రభుత్వం ప్రకటించింది. ఆ 60 మి.లీ. మీద పన్నే 13.20, దాని మీద మళ్లీ వ్యాట్. పెద్ద పొగ ఇక పెద్ద ఖర్చే.

చిప్ లేని మెకానికల్ మాడ్‌లో 0.15 కాయిల్ వేసే సాహసం మాత్రం ఎవరూ చేయకండి. నిండా చార్జయిన 4.2 వోల్టుల సెల్ నుంచి 28 ఆంపియర్లు లాగుతుంది. చాలా 18650 సెల్స్ హద్దు 15, 20 ఆంపియర్ల దగ్గరే. చిప్ ఉన్న మాడ్‌లో సెల్ మీద భారం వాట్లను బట్టి ఉంటుంది, ఓమ్‌ని బట్టి కాదు.

నాది బయట, చలిలో, పది నిమిషాల బ్రేక్‌లో లాగే బతుకు కాబట్టి నాకు 0.6 కుదిరింది. ఇంట్లో కూర్చుని పనిచేస్తూ, చార్జర్ పక్కనే ఉండి, పొగకి అభ్యంతరం చెప్పేవాళ్లు లేకపోతే 0.2 హాయిగా వాడుకోవచ్చు, వేసవిలో నేనూ దాన్నే వేస్తాను. నిన్నటిదాకా సిగరెట్ తాగి ఇవాళే మానినవాళ్లకి మాత్రం ఈ రెండూ కాదు, 1.0 పైన ఉన్న కాయిలే సిగరెట్ దమ్ముకి దగ్గరగా ఉంటుంది. ఇండియా వెళ్లేటప్పుడు ఏదీ పెట్టుకోను. అక్కడ 2019 చట్టం ప్రకారం వీటి దిగుమతి కూడా నిషేధం. ఇక్కడ కొత్తగా కొనేవాళ్లు అయిదు కాయిల్స్ ప్యాకెట్ మీద పడకండి. కిట్ పెట్టెలో చాలావరకు వేర్వేరు ఓమ్‌ల కాయిల్స్ రెండు ఇస్తారు. దూది మీద రెండు మూడు చుక్కలు వేసి, ట్యాంకు నింపి పది నిమిషాలు ఆగి, రెండూ వాడి చూశాకే ప్యాకెట్ కొనండి.