కారు మిస్సింగ్‌కు కొత్త కాయిళ్ల బిల్లు, బండిలో పాత కాయిళ్లు: నల్లగొండ వాళ్లు జాగ్రత్త

సాయంత్రమే ఆ మెకానిక్ షెడ్డు నుంచి తిరిగి వచ్చాను. కోపం చల్లారితే మర్యాదగా రాస్తానేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. ఏ షెడ్డు అని అడగకండి, పేరు రాయను. ఇంజిన్ లోపాన్ని కోడ్‌గా చూపే స్కానర్ ఉంది కదా అని మనలో చాలామంది నమ్మి వెళ్లే షెడ్డే.

పోయిన మంగళవారం హైదరాబాద్ నుంచి వస్తుండగా చిట్యాల దాటాక మా పెట్రోల్ కారు మిస్సింగ్ మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కిళ్లు పెట్టింది, చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలిగింది. బుధవారం షెడ్డులో స్కానర్ పెట్టిన అబ్బాయి తెర చూపిస్తే, పీ0302 అన్న ఆ కోడ్‌ను బుద్ధిగా ఫోటో తీసుకున్నాను. అందులో చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే రెండో సిలిండర్ ఒక్కటే సరిగా మండటం లేదని అర్థం. ఆ సంగతి నాకు ఆదివారం తెలిసింది. యజమాని మాత్రం నాలుగు సిలిండర్ల ఇగ్నిషన్ కాయిళ్లూ పోయాయనీ, ఐరీడియం స్పార్క్ ప్లగ్గులు కూడా వేయకపోతే ఇంజిన్‌కే ముప్పనీ చెప్పగానే, నేను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తల ఊపి వచ్చేశాను. కాయిళ్లకు 9,600, ప్లగ్గులకు 3,200, ఇంజెక్టర్ల క్లీనింగ్‌కు 2,000, కూలి మరో 2,000, మొత్తం 16,800 రూపాయలు గురువారం చెల్లించాను. జీఎస్టీ మిగులుతుందని ఆయన అంటే, తెల్ల కాగితం మీద రాసిచ్చిన లెక్కనే మహాప్రసాదంలా జేబులో పెట్టుకున్న తెలివి కూడా నాదే.

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ప్రాథమిక, గౌణ తీగచుట్టల బొమ్మ వేసి విద్యుదయస్కాంత ప్రేరణను ఇరవై ఏళ్లుగా పదో తరగతి పిల్లలకు వివరిస్తున్నాను. ఇగ్నిషన్ కాయిల్ కూడా ఆ బొమ్మే, బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుకు అందించడమే దాని పని. అలాంటి నన్ను కాయిల్ దగ్గరే మోసం చేశారంటే, తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే.

మూడు రోజులు బండి బాగానే నడిచింది. ఆదివారం ఇంటిల్లిపాదీ చెర్వుగట్టు గుడికి బయలుదేరితే, గుట్ట ఎక్కే దారిలో మళ్లీ అదే ఎక్కిళ్లు. మా అమ్మను ఆటో ఎక్కించి, బండిని మెల్లగా కిందికి దించి నార్కట్‌పల్లిలో ఒక పెద్దాయన దగ్గరికి చేర్చాను. ఆయన ముందుగా స్కానర్ తీయలేదు. ఇంజిన్ నడుస్తుండగానే కాయిళ్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీశాడు. ఒకటి, మూడు, నాలుగు తీసినప్పుడల్లా ఇంజిన్ కుంగింది. రెండోది తీస్తే మార్పే లేదు. ఆ కాయిల్‌ను మూడో సిలిండర్‌కు, మూడోదాన్ని రెండో సిలిండర్‌కు మార్చి, అప్పుడు స్కానర్ పెడితే కోడ్ పీ0303 అయింది. తప్పు కాయిల్‌తోపాటే నడిచిపోయింది! పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

కాయిల్ కింది రబ్బరు తొడుగు నూనెలో నాని ఉబ్బి ఉంది, దాని మీద వెంట్రుకంత నల్ల గీత ఉంది. ఇంజిన్ పైకవర్ కింద నూనె కారకుండా ఆపే గ్యాస్కెట్‌తో ఉండే సీలు పాడై ప్లగ్గు గుంతలోకి ఇంజిన్ ఆయిల్ దిగుతోందనీ, నిప్పురవ్వ ప్లగ్గుకు పోకుండా ఆ గీత వెంట పక్క లోహానికి దూకుతోందనీ పెద్దాయన చూపించాడు. షెడ్డువాళ్లు చేసిందల్లా ఆ నూనెను తుడవడమే, ఆ మూడు రోజుల సుఖం తుడిచిన గుడ్డ పుణ్యమే. ఇక ప్లగ్గులు కొత్తవే గాని ఐరీడియం కావు. ఐరీడియం ప్లగ్గు మొన సూదిలా సన్నగా ఉంటుంది, వీటిది అగ్గిపుల్ల తలకాయలా మొద్దుగా ఉంది.

అప్పుడు కాయిల్‌ను చేతిలో తిప్పి చూశాను. రెండేళ్ల కిందట సర్వీసులో అవి తారుమారు కాకూడదని, మా అమ్మాయి గోళ్ల రంగుతో మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు చుక్కలు, అలా వరుసగా నేనే పెట్టాను. పైనున్న చుక్కలను థిన్నర్‌తో తుడిచారు కాబోలు, బోల్టు రంధ్రం అంచున బియ్యపు గింజంత ఎర్ర మరక మిగిలిపోయింది.

ఈ రోజు ఆ కాయిల్‌ను కవర్‌లో వేసుకుని షెడ్డుకు వెళ్లాను. యజమాని చాయ్ తాగుతున్నాడు, ఇంకో ముగ్గురు బండ్ల వాళ్లు బల్ల మీద కూర్చున్నారు. మార్చిన పాత కాయిళ్లు చూపించమంటే కప్పు దించకుండానే మూలనున్న తుక్కు కుప్ప వైపు గడ్డంతో సైగ చేశాడు. ఎర్ర మరక చూపించాను. దాని మీద బొటనవేలితో రుద్ది, “కుంకుమ సారూ, దసరాకు ఆయుధపూజ చేసిండ్రు కావచ్చు” అన్నాడు. మొన్న గురువారమే కొత్తగా వేసిన కాయిల్‌కు దసరా కుంకుమ ఎలా అంటుకుందో, కుంకుమే అయితే ఆయన వేలికి రంగు ఎందుకు అంటలేదో అడిగాను. దానికి ఆయన, “సారూ, మీరు పోరగాళ్లకు పాఠాలు చెప్పుకోండ్రి, ఇంజన్ ముచ్చట మాకిడిసిపెట్టుండ్రి” అన్నాడు. బల్ల మీది ముగ్గురూ నవ్వారు. స్కానర్ పెట్టిన అబ్బాయి మాత్రం నవ్వలేదు, శుభ్రంగానే ఉన్న పానాను మళ్లీ మళ్లీ తుడుస్తూ కూర్చున్నాడు. డబ్బు పోయినందుకు కాదు గాని, ఆ నవ్వుల మధ్య జవాబు దొరక్క కవర్ పట్టుకుని బయటికి నడిచిన ఆ పది అడుగులు ఇంకా మింగుడుపడటం లేదు.

నార్కట్‌పల్లిలో ఒక కాయిల్, సీళ్లతో సహా పైకవర్ గ్యాస్కెట్, కూలి కలిపి 3,800 రూపాయలయ్యాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు రేపు ఫోన్ చేస్తాను గాని, పక్కా బిల్లు ఏదని వాళ్లడిగితే ఆ తెల్ల కాగితమే చూపించాలి.

మీ బండి మిస్సింగ్ కొడితే, కాయిల్ కొనే ముందు పక్క సిలిండర్‌కు మార్చి చూడమనండి, కోడ్ చివరి అంకె మీరే చదవండి, పాత సామాను చేతికిచ్చాకే డబ్బివ్వండి, జీఎస్టీ బిల్లు వదలకండి. లైటు ఆగి ఆగి వెలుగుతుంటే బండి నడపకండి, మండని పెట్రోల్ పొగగొట్టంలోకి చేరి, పొగను శుభ్రపరిచే కేటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది.

మిగిలిన మూడు కాయిళ్లు బండిలోనే ఉన్నాయి. టార్చి వేసి చూశాను, మూడింటి అంచులనా ఎర్ర మరకలున్నాయి. నా కాయిళ్లను నేనే ఒక్కోటి 2,400 రూపాయలకు రెండోసారి కొనుక్కున్నాను.