అగస్టీన్ ‘క్రైస్తవ బోధ’: ఏళ్ల తరబడి సండే స్కూల్‌లో వాడాక

మా సంఘంలో ఆదివారం ఉదయం పిల్లలకు, వారం మధ్యలో ఒక రాత్రి పెద్దలకు బైబిల్ చెప్పే పని చాలా ఏళ్లుగా నాది. ఆ పనికి వాడిన పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువ నలిగింది అగస్టీన్ రాసిన ‘దె దొక్త్రినా క్రిస్తియానా’. మన భాషలో ‘క్రైస్తవ బోధ’ అనుకోండి. పేరు విని చాలామంది ఇదేదో త్రిత్వం మీద రాసిన లావుపాటి సిద్ధాంత గ్రంథం అనుకుంటారు. నిజానికి ఇది పనిచేసే మనిషికి రాసిన పుస్తకం. లేఖనాన్ని ఎలా చదవాలో మొదటి మూడు భాగాల్లో, చదివినదాన్ని ఎలా చెప్పాలో నాలుగో భాగంలో ఉంటుంది.

రాసినాయన ఇప్పటి అల్జీరియాలో ఉన్న థగాస్టేలో 354లో పుట్టాడు. కార్తేజ్, రోమ్, మిలాన్ నగరాల్లో కుర్రాళ్లకు ఉపన్యాస కళ నేర్పి బతికాడు. 387లో మిలాన్‌లో బిషప్ అంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు, తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్ అయ్యాడు. బిషప్ అయిన కొత్తలో, 396 ప్రాంతంలో ఈ పుస్తకం మొదలుపెట్టి మూడో భాగం మధ్యలో వదిలేశాడు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, ముసలితనంలో తన పాత రచనలన్నీ తిరగేస్తుంటే ఇది సగంలో ఆగిపోయిందని చూసి పూర్తి చేశాడు. మాట్లాడటం నేర్పి జీతం తీసుకున్న మనిషి కాబట్టి, తరగతిలో ఏది పనిచేస్తుందో ఏది చెయ్యదో ఆయనకు బాగా తెలుసు.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ముందుమాట. మన దగ్గర ప్రసంగాల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: ‘నేను ఏ పుస్తకమూ చదవలేదు, దేవుడే నాతో మాట్లాడాడు.’ ఆ మాట రాగానే జనం ఆమేన్ అంటారు. సిద్ధపడి వచ్చినవాడు ఆత్మ లేనివాడిలా కనబడతాడు. అగస్టీన్ కాలంలోనూ ఇలాంటివాళ్లున్నారు. చదవడానికి నియమాలెందుకు, దేవుడిచ్చిన వరం చాలు అనేవాళ్లు. ఆయన వాళ్లను వెక్కిరించడు. మీ మాతృభాష మీకెవరు నేర్పారు, అక్షరాలు ఎవరి దగ్గర దిద్దారు అని అడుగుతాడు. తర్వాత లేఖనాల్లోంచే ఉదాహరణలు తీస్తాడు. ఆకాశం నుంచి స్వరం విన్న పౌలును దేవుడు అననీయ దగ్గరకే పంపాడు. దేవదూత వచ్చిన కొర్నేలీకి కూడా వాక్యం చెప్పడానికి పేతురును పిలిపించుకోమనే ఆజ్ఞ వచ్చింది. రథంలో యెషయా గ్రంథం చదువుతున్న ఐతియొపీయుడికి అర్థం చెప్పింది పక్కన కూర్చున్న ఫిలిప్పు. దేవునితో ముఖాముఖి మాట్లాడిన మోషే కూడా మామ యిత్రో సలహా విన్నాడు. మనుషులు మనుషుల దగ్గర ఏమీ నేర్చుకోనక్కర్లేకపోతే, ఒకరి మనసులు ఒకరితో కలిపే ప్రేమకు చోటెక్కడిది అన్నది ఆయన వాదం. కొత్తగా చేరిన టీచర్లతో నేను ముందు ఈ నాలుగు పేజీలే చదివిస్తాను. మిగతా పుస్తకం చదివినా చదవకపోయినా నాకు పట్టింపు లేదు.

మొదటి భాగం నెమ్మదిగా నడుస్తుంది. దేవుణ్ణి మాత్రమే ఆయన కోసం ఆనందించాలి, మిగతావన్నీ ఆయన్ని చేరడానికి వాడుకోవాలి అంటాడు. మరి పొరుగువాణ్ణి కూడా వాడుకోవాలా? ఇక్కడ అగస్టీనే తడబడ్డాడని నాకనిపిస్తుంది. కానీ చివర్లో వచ్చే పరీక్ష మాత్రం బంగారం. లేఖనాన్ని అర్థం చేసుకున్నానని అనుకునేవాడి వివరణ దేవుని మీద, పొరుగువాని మీద ప్రేమను పెంచకపోతే అతనికి ఇంకా అర్థం కానట్టే. అర్థం తప్పినా ప్రేమను పెంచినవాడు దారి వదిలి పొలానికి అడ్డంగా నడిచి అదే ఊరు చేరినవాడి లాంటివాడట. అయినా అతన్ని సరిదిద్దాలి, అలవాటైతే ఇంకెక్కడికో పోతాడు అని వెంటనే చేరుస్తాడు. ఆ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు.

పదో తరగతి పరీక్షలప్పుడు ఇది నాకు బాగా పనికొస్తుంది. హాల్ టికెట్లు పట్టుకుని పిల్లలు ప్రార్థనకు వస్తారు, ఎవరో ఒకరు ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అని చదువుతారు. ఫిలిప్పీయులకు రాసిన ఆ మాట పరీక్షల గురించి కాదు. జైల్లో ఉన్న పౌలు ఆకలినీ సమృద్ధినీ ఒకేలా భరించడం గురించి చెప్పాడు. ముందు వాళ్ల టెన్షన్ తగ్గనిస్తాను. రిజల్ట్స్ వచ్చాక ఒక ఆదివారం ఆ అధ్యాయం మొత్తం చదివిస్తాను. ఫెయిలైన పిల్లవాడికి ఆ వాక్యం అసలు అర్థమే ఎక్కువ అవసరం.

రెండో భాగం పనిముట్ల పెట్టె. ముందు లేఖనాలన్నీ ఒకసారి చదివెయ్యి, అర్థం కాకపోయినా పరవాలేదు. తేటగా ఉన్న చోట్లు పట్టుకుని, చీకటిగా ఉన్నవాటిని వాటితో వెలిగించు. హెబ్రీ, గ్రీకు నేర్చుకో, లేకపోతే ఒకటికి నాలుగు అనువాదాలు పక్కపక్కన పెట్టు. పాత తెలుగు బైబిలూ సులభ తెలుగు బైబిలూ కలిపి చదివించే అలవాటు నాకు ఇక్కడినుంచే వచ్చింది. ఆ తర్వాత ఐగుప్తు బంగారం మాట వస్తుంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి వెండి బంగారాలు తెచ్చుకున్నట్టు, అన్యుల చదువులో సత్యమైనదాన్ని తీసుకుని వాడుకోవచ్చు. చరిత్ర, గణితం, తర్కం తీసుకో, జ్యోతిష్యం వదిలెయ్ అంటాడు. మా క్లాసులో వేమన పద్యం చెప్పినప్పుడు ఒక పెద్దాయన ‘మందిరంలో ఇవేంటండీ’ అన్నారు. నేను ఈ పేజీ చదివి వినిపించాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు గానీ పద్యం ఆగలేదు.

ఇదే భాగంలో నాకు మింగుడుపడనివి కూడా ఉన్నాయి. అంకెల మీద ఆయనకు మహా మోజు. సృష్టికర్తకు మూడు, సృష్టికి ఏడు కలిపి పది అంటాడు. పదిని నాలుగుతో హెచ్చించి నలభై చేస్తాడు, తర్వాత యాభైకి వస్తాడు. దాన్ని మూడింతలు చేసి మూడు కలిపితే, పునరుత్థానం తర్వాత శిష్యుల వలలో పడిన 153 చేపలు వచ్చేస్తాయి. తెలివైన లెక్కే, కాదనను. కానీ ఇది చదివిన కుర్ర బోధకులు వెంటనే తమ సొంత లెక్కలు మొదలుపెడతారు, అక్కణ్ణుంచి వాళ్లను వెనక్కి తేవడం కష్టం. నేను ఆ పేజీలు దాటేయమంటాను.

మూడో భాగంలో అసలు చిక్కు ఉంది. అక్షరార్థంగా తీసుకుంటే మంచి నడవడికి గానీ విశ్వాస సత్యానికి గానీ పొసగని మాట ఏదైనా అలంకారంగా తీసుకో అని ఆయన సూత్రం. మనుష్యకుమారుని శరీరం తినండి అన్నచోట ఇది సరిగ్గా పనిచేస్తుంది. కానీ 137వ కీర్తన చివర, బబులోను పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడు అన్నచోట? కీర్తనల మీద చేసిన ప్రసంగాల్లో అగస్టీన్ ఆ పిల్లల్ని అప్పుడే పుట్టే చెడు కోరికలుగా, బండను క్రీస్తుగా చెప్పాడు. పెద్దల గుంపులో ఇలా చెబితే తలలూపారు. పిల్లల క్లాసులో ఒకమ్మాయి ‘మరి ఆ పాట రాసినవాళ్లు అలా ఎందుకన్నారు మాస్టారూ?’ అని అడిగింది. దానికి ఈ సూత్రం దగ్గర జవాబు లేదు. ఊరు తగలబడి, బానిసలుగా పోయినవాళ్ల ఏడుపు గురించి చెప్పాలి, అంటే చరిత్ర చెప్పాలి. అందుకే సిరియాలోని అంతియొకయ వైపు పాతకాలపు బోధకుల్ని కూడా చదవమంటాను. మొప్సుయెస్తియా థియొడోర్ లాంటివాళ్లు, కథ జరిగిన తీరు ముందు తేల్చమని పట్టుబట్టారు. జాన్ క్రిసోస్టమ్ ప్రసంగాల్లోనూ ఆ గుణం కనబడుతుంది. యూదుల్ని గుర్తులకు బానిసలైనవాళ్లుగా అగస్టీన్ రాసిన పేజీలు కూడా ఇక్కడే వస్తాయి. వాటిని వివరణ లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఆ భాగం చివర, లేఖనం చదవడానికి టైకోనియస్ రాసిన ఏడు నియమాలున్నాయి. ఈ టైకోనియస్, అగస్టీన్ ఏళ్ల తరబడి ఎవరితో పోరాడాడో ఆ డొనాటిస్టుల్లో, అంటే ఉత్తర ఆఫ్రికాలో ప్రధాన సంఘం నుంచి విడిపోయినవాళ్లలో ఒకడు. అవతలి పక్షంవాడి పుస్తకాన్ని పేరు పెట్టి మెచ్చుకుని, తప్పులు చెప్పి, చదవమని సిఫారసు చేశాడు. ఇప్పటి మన డినామినేషన్ల గొడవల్లో అలాంటి పని ఎవరు చేస్తారో చూడాలనుంది. నియమాలు మాత్రం పొడిగా ఉంటాయి, నేను రెండోసారి చదవలేదు.

నాలుగో భాగం మళ్లీ మళ్లీ చదువుతాను. రోమన్ వక్త సిసెరో చెప్పిన మూడు పనులు తీసుకున్నాడు: నేర్పడం, మెప్పించడం, కదిలించడం. అందులో నేర్పడమే తప్పనిసరి. జనానికి అర్థమైందని వాళ్ల కదలికల్లో కనబడేదాకా ఒకే విషయాన్ని రకరకాలుగా తిప్పి చెప్పాలి, అర్థమయ్యాక ఇంకా సాగదీయకూడదు. గంటన్నర ప్రసంగాలు చేసేవాళ్లు ఈ రెండో సగాన్ని గోడకు అంటించుకోవాలి. సొంతంగా రాసుకోలేనివాడు ఇంకొకరు రాసిన మంచి ప్రసంగాన్ని కంఠతా పట్టి చెప్పినా తప్పు లేదంటాడు. మా కుర్ర టీచర్లకు ఇది పెద్ద ఊరట.

ఉత్తర ఆఫ్రికాలో అప్పటి మౌరెటానియా ప్రాంతంలోని కైసరయలో జరిగింది కూడా ఇక్కడే రాశాడు. ఆ ఊళ్లో ఏటా కొన్ని రోజులు జనం రెండు జట్లుగా చీలి రాళ్లతో కొట్టుకునేవాళ్లు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కూడా ఎదురెదురు జట్లలో నిలబడి చంపుకునేవాళ్లు. దాన్ని మాన్పించడానికి అగస్టీన్ ప్రసంగించాడు. జనం కేకలు వేసి మెచ్చుకున్నారు. అప్పటికి ఏమీ సాధించలేదనే అనుకున్నాడు. వాళ్లు ఏడవడం చూశాకే పని జరిగిందని నమ్మాడు. ఇది రాసేనాటికి ఎనిమిదేళ్లకు పైగా అక్కడ ఆ కొట్లాట మళ్లీ జరగలేదట. ఆమేన్ ఎంత గట్టిగా వచ్చిందో చూసుకుని ఇంటికెళ్లే అలవాటు నాకు కాస్త తగ్గిందంటే ఈ పేజీ వల్లే.

ఎవరికి పనికొస్తుంది? బైబిల్ కాస్త చదివి, ఎవరికో ఒకరికి చెప్పే పని ఉన్నవాళ్లకు. భక్తి కోసం రోజూ ఒక పేజీ చదవాలనుకుంటే దీన్ని కొనకండి, మొదటి భాగంలోనే ఆగిపోతారు. నేను ఇంగ్లీషులో చదివాను. 19వ శతాబ్దపు షా అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది గానీ వాక్యాలు ఊపిరాడనివ్వవు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన గ్రీన్ అనువాదం చాలా తేలిక. ముందుమాట, తర్వాత నాలుగో భాగం, ఆ తర్వాత రెండు, మూడు చదివి, ఒకటో భాగాన్ని ఆఖరికి ఉంచుకోండి. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు చెప్పేది ఉంటే, కార్తేజ్‌లోని దేయోగ్రాతియస్ అనే డీకన్ నా మాటలు నాకే విసుగ్గా ఉంటున్నాయని మొరపెట్టుకుంటే అగస్టీన్ రాసిచ్చిన చిన్న పుస్తకం కూడా ఉంది. వినేవాడు నిలబడి అలసిపోతే కుర్చీ వెయ్యమని అందులో చెప్పాడు.